వీరేశం భార్య

ఇంకా పిలవలేదు. ఆ తలుపు తెరుచుకున్నప్పుడల్లా సుందరి భుజం మీద నిద్రపోతున్న పిల్లాణ్ణి ఇంకాస్త దగ్గరికి పొదువుకుంటోంది. తలుపు దగ్గర స్టూలు మీద కూర్చున్న ఓబులేసు ఆవలించడానికి నోరు తెరిచినా చాలు, ఇదిగో ఇప్పుడే, ఇప్పుడే ఆ పేరు అంటాడు అనిపిస్తోంది, అనకపోతే బాగుండును, దేవుడా, ఈ పూటకి అతని గొంతు పడిపోతే బాగుండును. పక్కన, తను అద్దెకుంటున్న ఇంటి కిష్టమ్మక్క, ఏ దిగులూ లేకుండా దానిమ్మకాయ ఒలుస్తోంది. గింజలు కొంగులో పోసుకుని గుప్పెడు గుప్పెడు తీసి సుందరి చేతిలో పెడుతోంది. సుందరి నోట్లో వేసుకుంటోంది, నములుతోంది. "తిను పిల్లా, రక్తం వడ్తది," అంటోంది కిష్టమ్మక్క. "నా బిడ్డకు గూడ పాలిచ్చి ఇచ్చి ఎట్లయినవో సూడు, చింతపిక్క మొకం అయింది. గా పాపమంత నాదే." పాపం తనదేనట. ఆ మాట విన్నప్పుడు నేల చీలి లోపలికి తీసుకుపోయినా బాగుండేది, కాని ఈ దవాఖానా నేల గట్టి బండ, ఫినాయిల్ వాసన, చీలదు. రక్తం తక్కువైందని చూపించుకోవడానికి వెళ్తున్నానక్కా అని అబద్ధం చెప్పి ఒక్కతే బయలుదేరబోయింది పొద్దున, అప్పటికే కిష్టమ్మక్క పనికి నాగా పెట్టి, పిల్లకు జుబ్బా తొడిగి, గుమ్మంలో నిలబడి ఉంది. పోయిన వారం పోయొచ్చి బస్సు దిగంగనే కళ్ళు తిరిగి కూసున్నవ్, ఇయ్యాల నేనొస్త, ఇంకో మాట మాట్లాడకు, అంది. వద్దు అనడానికి సుందరికి కారణం దొరకలేదు. ఉన్న ఒక్క కారణం నోటితో చెప్పేది కాదు.

ఓబులేసు పిలిచే పేరు సుందరిది కాదు. కిష్టమ్మది.

ఎలా చెప్పింది, ఎందుకు చెప్పింది, వారం రోజుల నుంచీ తనని తానే అడుగుతోంది. కావాలని చెప్పలేదు, ఒట్టు, పిల్లాడి మీద ఒట్టు. ఆ గదిలో కళ్ళజోడు మేడమ్ మెత్తగానే అడిగింది, ముందుగా మీ ఆయన పేరు చెప్పమ్మా అని. ముందు నీ పేరేంటి అని అడిగి ఉంటే ఇదంతా జరిగేది కాదు. మొగుడి పేరు పలకడం సుందరికి తెలియదు. నాయనమ్మ తాతయ్యని ‘అరుగు మీది మనిషి’ అనేది, అమ్మ నాన్నని ‘సుందరి నాన్న’ అనేది, సుందరి పుట్టకముందు ఏమని పిలిచేదో ఎవరికీ తెలియదు. పెళ్ళిలో గుమ్మం దగ్గర ఆడబిడ్డలు ఆపి పేరు చెబితేగాని లోపలికి రానివ్వం అంటే సిగ్గుతో చచ్చిపోయి పెద్దాడపడుచు చెవిలో కూడా చెప్పలేక ఆమె అరచేతిలో వేలితో రాసింది. తొమ్మిదో తరగతి దాకా చదివిన చదువు అందుకు పనికొచ్చింది. రేషన్ షాపులో అడిగినా కాగితం ముక్క మీద రాసిచ్చేది. రాస్తే తప్పు లేదు, పలికితే ఆయుష్షు తగ్గుతుంది అనేది అమ్మ. ఆయుష్షు. ఆ మాట ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తోంది. ఆ రోజు మేడమ్ చేతిలోనే కలం ఉంది, సుందరి చేతిలో లేదు. చెప్పమ్మా, భయపడకు, ఎవరికీ చెప్పం, అంటోంది మేడమ్, సుందరి నాలుక పైకి లేవడం లేదు. అప్పుడు ఎక్కడి నుంచో, రోజూ పొద్దున్నే గోడవతల వినిపించే కేక నోటికి వచ్చేసింది, వీరేశం అని. కిష్టమ్మక్క అత్త తన కొడుకుని కేకేసే పేరు, ఓ వీరేశం, పనికి టైమయిందిరా అని. వీరేశం, అంది సుందరి. మేడమ్ రాసుకుంది. నీ పేరు? అంది. వీరేశం భార్య పేరు కిష్టమ్మ కాక ఇంకేమవుతుంది.

అంతే. రెండు మాటలు. తన మొగుడి పేరుకు మైల అంటకుండా కాపాడుకుని ఆ మైల తీసుకెళ్ళి అక్క గుమ్మంలో పోసి వచ్చింది. ఇంటికి వచ్చేసరికి కిష్టమ్మక్క వాకిట్లో జొన్నరొట్టె కాలుస్తోంది, వేడివేడిది తెంపి నోట్లో పెట్టింది, తిన్నది, సిగ్గులేకుండా తిన్నది.

ఓబులేసు ఒక అట్ట తీసి విసురుకుంటున్నాడు. అందరికీ నంబరు చీటీలు ఇచ్చారు, నంబరుతోనే పిలవాలి, పేర్లు పిలవకూడదని గోడ మీద రాసి కూడా ఉంది. పొద్దున ఇద్దరు ముగ్గుర్ని నంబరుతోనే పిలిచాడు. చీటీ చదవలేని ముసలమ్మ ఒకామె లేవలేదు, మొహం చుట్టూ తువ్వాలు చుట్టుకున్న కుర్రాడు తన నంబరు విని కూడా లేవలేదు. అప్పటి నుంచి విసుగొచ్చి, "నంబర్లు పిలిస్తే ఎవురూ లేవరు, నా ప్రాణానికి," అంటూ పేరు, ఊరు, మొగుడి పేరు, తండ్రి పేరు, అన్నీ బయట పెట్టేస్తున్నాడు. పిలిచిన వాళ్ళు ఉలిక్కిపడి లేచి, తల దించుకుని, గోడ వారగా నడుస్తున్నారు. అక్కడ కూర్చున్న వాళ్ళెవరూ ఒకరి మొహం ఒకరు చూడరు. అందరూ నేల చూస్తారు. కిష్టమ్మక్క ఒక్కతే అందరి మొహాలూ చూస్తోంది, పెళ్ళికొచ్చిన దానిలా, ఆ పిల్లకు ఎంత మంచి జడ ఉందో చూడు, ఆ తాత పాపం ఎంత సన్నగున్నడో చూడు అంటోంది.

"సుందరీ, గా బొమ్మ కింద ఏం రాసిన్రు? జర సదువు." ఎదురుగా గోడ మీద పెద్ద బొమ్మ, తల్లి ఒళ్ళో బిడ్డ, చుట్టూ ఎర్ర గీత. చదవడం రాకపోతే ఎంత బాగుండేదని జీవితంలో మొదటిసారి అనిపించింది. తొమ్మిదో తరగతిలో బడి మాన్పించినప్పుడు వెక్కివెక్కి ఏడ్చింది, ఆ ఏడుపు మీద ఇప్పుడు కోపం వచ్చింది. తల్లి నుంచి బిడ్డకు, అని రాసి ఉంది. కాన్పులో గాని, పాల ద్వారా గాని. "బలం మందుల గురించి అక్కా," అంది. కిష్టమ్మక్క బొమ్మ వంక మురిపెంగా చూసింది. "బొమ్మ మంచిగుంది. అచ్చం నీ లెక్కనే, ఒళ్ళె నా బిడ్డె."

ఒళ్ళో నీ బిడ్డే. అవునక్కా. ఒకవైపు తన కొడుకు లోహిత్, ఒకవైపు అక్క కూతురు సంయుక్త, ఆ పేరు పెట్టింది కూడా సుందరే. ఇద్దరికీ నెల తేడా. కిష్టమ్మక్కకు పెళ్ళయిన ఎన్నో ఏళ్ళకు పుట్టిన పిల్ల, పుట్టిన పది రోజులకే తల్లికి టైఫాయిడ్, జ్వరం తగ్గేసరికి పాలు ఎండిపోయాయి. ఇంట్లో గేదె ఉండేది, మేత పొలాలన్నిటికీ కంచెలు వేసి గుండ్రటి అద్దాల మేడ లేపుతుంటే మేపడానికి చోటు లేక అంతకుముందే అమ్మేశారు. సీసా పాలు పిల్లకు పడలేదు, విరేచనాలు. అప్పుడు ఎవరూ అడగలేదు, ఎవరూ చెప్పలేదు, గోడవతల ఆ ఏడుపు వినగానే సుందరి జాకెట్టు తడిసిపోయింది, లేచి వెళ్ళి పిల్లను ఎత్తుకుంది, అంతే. కిష్టమ్మక్క మాత్రం తక్కువ చేసిందా, పురిటికి అమ్మ రాలేనంటే అంతా తనే అయి నీళ్ళు పోసింది, నడుముకి గుడ్డ బిగించి కట్టింది, సాంబ్రాణి వేసింది, కిరాయికి వచ్చిన పిల్లను కడుపున పుట్టినదానిలా చూసింది. ఆ రుణం అలా తీరుతోందని సుందరి లోలోపల గర్వపడింది కూడా. అక్క పనికి పోయాక మధ్యాహ్నాలు ఇద్దరినీ ఒళ్ళో వేసుకునేది. దూరంగా బండలు పేల్చే ముందు ఈల వేస్తారు, ఆ బండల దగ్గరే వీరేశం బావకి పని. ఈల వినగానే ఒక అరచేత్తో వాడి చెవి, ఇంకో అరచేత్తో దీని చెవి మూసేది, మిగిలిన రెండు చెవులూ ఎలాగూ తన రొమ్ములకే ఆని ఉండేవి. ధామ్ మని పేలేది, ఇల్లు అదిరేది, పిల్లలు అదిరేవాళ్ళు కాదు, తాగుతూనే ఉండేవాళ్ళు. ప్రపంచంలో ఏదీ ఈ పిల్లల్ని తాకదు, నా చేతులు దాటి రాదు, అనుకునేది. రావలసింది చేతులు దాటి రానక్కర్లేదని అప్పుడేం తెలుసు.

సుందరి మొగుడు దుబాయి పోతానన్నాడు. ఆ అద్దాల మేడలో వైరింగు పని అయిపోవస్తోంది, దుబాయిలో ఇలాంటి మేడలు వందలున్నాయట అన్నాడు. బొంబాయి వెళ్ళి మెడికల్ చేయించుకున్నాడు, తిరిగొచ్చి మూడు రోజులు మాట్లాడలేదు. నాలుగో రోజు చెయ్యి కడుక్కుంటూ, రక్తం బాగోలేదన్నారు, అన్నాడు. ఇక్కడ మళ్ళీ చూపించుకుంటే ఇక్కడా అదే చెప్పారు. అంతకుముందు బొంబాయిలో ఆరు నెలలు పని చేసినప్పుడు, అని మొదలుపెట్టి ఆపేశాడు, పూర్తి చెయ్యలేదు, ఆమె అడగలేదు. నువ్వు కూడా ఒకసారి వెళ్ళి రావాలట, అన్నాడు, కరెంటు బిల్లు కట్టి రావాలన్నట్టు. పోయినసారి గేటు దాకా తోడొచ్చి టీకొట్టు దగ్గర ఆగిపోయాడు, బీడీ వెలిగించుకుని అటు తిరిగి నిలబడ్డాడు. ఆ వీపు మీద ఆమెకి కోపం రాలేదు. జాలి వచ్చింది, ఆ జాలి మీద కోపం వచ్చింది, ఆ తర్వాత అన్నిటికీ కలిపి సిగ్గు వచ్చింది. తను ఏమీ చెయ్యలేదు కదా, ఎందుకు సిగ్గుపడాలి, అని ఎన్నిసార్లు అనుకున్నా, ఒళ్ళంతా ఎవరో చూసినట్టు, చీర మీద ఏదో మరక ఉండి తనకొక్కదానికే కనబడనట్టు ఉంటోంది.

కాని తను ఏమీ చెయ్యలేదన్నది అబద్ధం. ఆ రోజు కళ్ళజోడు మేడమ్ చెప్పింది, ఒకవేళ ఉంటే పాలలోంచి కూడా వెళ్ళొచ్చు అని. బాబుకి పాలిస్తున్నావా అంది, ఇస్తున్నానండి అంది. ఇంకో పాప కూడా తాగుతోందండి అన్న మాట నాలుక చివరికి వచ్చింది, మింగేసింది. ఇంటికొచ్చి రెండు రోజులు సంయుక్తకు ఇవ్వలేదు. పాలు పడటం లేదక్కా అంది. చక్కెర నీళ్ళు పట్టింది. పిల్ల చెంచాని నాలుకతో తోసేసి, తలతో ఆమె గుండెల మీద కొట్టుకుంటూ వెతికింది. మూడో రోజు మధ్యాహ్నం ఈల వేశారు, ఇద్దరి చెవులూ మూయాలి, ఇద్దరూ ఒళ్ళో ఉన్నారు, పిల్ల ఏడుపు ఆగడం లేదు, సుందరి జాకెట్టు తడిసి కారుతోంది. ఇచ్చింది. తెలిసి ఇచ్చింది. ఆ తర్వాత నిన్నటి దాకా ఇస్తూనే ఉంది. మొగుడి తప్పు బొంబాయిలో జరిగింది, ఈ తప్పు మాదాపూర్‌లో, తన చాప మీద, పట్టపగలు జరిగింది. ఆపితే ఎందుకాపావంటుంది అక్క, చెప్పాలి. చెప్పలేక ఇచ్చింది. ఒక మాటకి బదులు పాలు ఇచ్చింది.

కిష్టమ్మక్క ఒళ్ళో సంయుక్త కదిలింది, కళ్ళు నులుముకుని, నోరు చప్పరించి, సన్నగా మొదలుపెట్టింది. సుందరి భుజం మీద లోహిత్ నిద్రపోతూనే ఉన్నాడు. ఆ ఏడుపు చెవిన పడగానే రొమ్ములు సలిపాయి, తడి జాకెట్టు దాటి కొంగులోకి వచ్చేసింది. ఒంటికి బుద్ధి లేదు, పరీక్షలు తెలియవు, ఎవరి పిల్లో తెలియదు.

"ఇగో, దీనికి జర పాలియ్యవే. లోయితుని ఇటియ్యి, నేను వట్టుకుంట."

"ఇక్కడా అక్కా? అందరూ ఉన్నారు."

"అందరు ఆళ్ళమ్మ పాలు తాగనోళ్ళేనా? కొంగు కప్పుకో."

సుందరి లోహిత్‌ని పక్కన బల్ల మీద పడుకోబెట్టేలోగా పిల్ల ఒళ్ళోకి వచ్చేసింది. చేతులు చాచి, ఆనవాలు పట్టి, నవ్వింది కూడా, కన్నీళ్ళతోనే. సుందరి కొంగు పట్టుకుని అలాగే కూర్చుంది. కప్పుకోనూ లేదు, పిల్లను దించనూ లేదు. ఆ నవ్వు మొహాన్ని అరచేత్తో ఆపి పెట్టి కూర్చుంది.

"కిష్టమ్మా!" తలుపు దగ్గర ఓబులేసు లేచి నిలబడ్డాడు. "ఎవురమ్మా కిష్టమ్మ? మాదాపూర్ కిష్టమ్మ! వీరేశం భార్య!"

కిష్టమ్మక్క తలెత్తింది. మొదట నవ్వింది. "ఓయమ్మో, నా పేరేంది? గాయనకెట్ల ఎరుక నేనొచ్చినట్టు?" అంటూనే ఆ నవ్వు ఆగిపోయింది, మొహం తెల్లబడింది. "మా ఆయన పేరెందుకు పిలుస్తుండు? సుందరీ, బండలకాడ ఏమన్న అయిందానే? ఈ దవాఖానకే తెచ్చిన్రా?" లేచింది, కొంగు జారింది, గింజలన్నీ నేల మీద చెదిరిపోయాయి. "ఓ సారూ, నేనే కిష్టమ్మను, ఏమైంది సారూ నా మొగునికి!"

హాలంతా తలెత్తి చూసింది. నేల చూసే వాళ్ళందరూ చూశారు. సుందరి ఒక చేత్తో పిల్లను పట్టుకుని ఇంకో చేత్తో ఆమె కొంగు అందుకుంది, గట్టిగా లాగింది.

"బావకేం కాలేదక్కా. బావకేం కాలేదు. కూర్చో. నిన్ను కాదు. నన్ను పిలుస్తున్నారు."

"నా పేరు గదనే."

"నీ పేరు నేనే చెప్పాను."

కిష్టమ్మక్క అర్థం కాక చూసింది. ఇక దాచడానికి చోటు లేదు, చుట్టూ ఇన్ని కళ్ళు, ఒళ్ళో పిల్ల, కాళ్ళ కింద ఎర్రటి గింజలు. "ఇది రక్తం తక్కువ పరీక్ష కాదక్కా. ఎయిడ్స్ పరీక్ష. మా ఆయనకి ఉంది. నాకు ఉందో లేదో ఇవాళ చెబుతారు. ఉంటే పాలలో కూడా పోతుందట." ఇంత చిన్న గొంతుతో చెప్పింది, అయినా పక్క బల్ల మీది తువ్వాలు కుర్రాడు విన్నట్టే ఉంది, తల అటు తిప్పేసుకున్నాడు.

కిష్టమ్మక్క ఆమె మొహం చూడలేదు. తడిసిన జాకెట్టు చూసింది. ఆ తర్వాత తన పిల్లను చూసింది. వంగి, రెండు చేతులతో సంయుక్తను సుందరి ఒళ్ళోంచి తీసుకుంది, కాగే గిన్నె దించినట్టు జాగ్రత్తగా, తొందరగా. ఒళ్ళు తేలికైపోయింది. ఆ తేలిక భరించడం కష్టంగా ఉంది. "ఎవురమ్మా, పొద్దు పోతాంది," అంటున్నాడు ఓబులేసు. కిష్టమ్మక్క ఇంకో చెయ్యి చాచి, అలవాటు కొద్దీ కాబోలు, నిద్రపోతున్న లోహిత్‌ని కూడా భుజాన వేసుకుంది.

"పో. పిలుస్తుండు గద."

లోపల కళ్ళజోడు మేడమ్ చీటీ చూసి, కిష్టమ్మేనా, అంది. కాదండి, అంది సుందరి. బాలాత్రిపురసుందరి అండి. మేడమ్ తిట్టలేదు, చాలామంది అలాగే చెబుతారమ్మా అంది. నంబరు సరిచూసుకుని చెప్పింది, ఇప్పటికి నీ రక్తంలో లేదు, మూడు నెలల తర్వాత మళ్ళీ ఒకసారి చూడాలి, అప్పటిదాకా మీ ఆయనతో నిరోధ్ లేకుండా వద్దు, సిగ్గుపడకు, ఇక్కడే ఇస్తాం తీసుకెళ్ళు. లేదు అన్న మాట విని గుండె ఎగిరి గంతెయ్యాలి, వెయ్యలేదు. ఇంకో పాపకి కూడా ఇస్తున్నానండి, పక్కింటి పాపకి, అంది. ఆ మాట ఈసారి మింగలేదు. మేడమ్ కలం కింద పెట్టింది. ఆ పాపకి ఆపెయ్యమ్మా, రెండో పరీక్ష అయ్యేదాకా, నీ బాబు సంగతి పిల్లల డాక్టరుతో మాట్లాడదాం, ఆ పాప తల్లికి నువ్వే చెప్పాలి, అంది. చెప్పానండి, అంది సుందరి. మరి మీ ఆయన పేరు? అంది మేడమ్. సుందరి నోరు తెరిచింది, మూసింది. రాసిస్తానండి, అంది. మేడమ్ కలం ఇచ్చింది.

బయటి నుంచి ఏడుపు వినిపించింది. ఎవరిదో తెలియలేదు, పాలు వచ్చేశాయి.

కిష్టమ్మక్క బల్ల మీద లేదు. వరండా చివర, నేల మీద, గోడకు ఆనుకుని కూర్చుంది. లోహిత్ పక్కన కొంగు మీద పడుకుని ఉన్నాడు. సంయుక్తకు తన రొమ్ము ఇచ్చింది, ఎప్పుడో ఎండిపోయిన రొమ్ము, పిల్ల లాగుతోంది, వదిలి ఏడుస్తోంది, మళ్ళీ లాగుతోంది. సుందరి ఎదురుగా నేల మీద కూర్చుంది, జాకెట్టులోంచి కారుతున్న తడి మీద కొంగు ముడిచి పట్టుకుని.

"ఏమన్నరు?"

"ఇప్పటికి లేదన్నారు. మూడు నెలల తర్వాత మళ్ళీ చూడాలట. పిల్లకి ఇవ్వొద్దన్నారు."

కిష్టమ్మక్క తలూపింది. "ఎప్పటిసంది ఎరుక నీకు?"

"వారం నుంచి."

"వారంసంది ఇచ్చినవ్."

"రెండు రోజులు ఆపాను. ఏడిస్తే ఇచ్చాను."

పిల్ల వదిలింది, ఏడ్చింది, మళ్ళీ పట్టుకుంది. ఎవరో చీపురుతో దానిమ్మ గింజలు ఊడుస్తున్న చప్పుడు. కొట్టినా బాగుండును, తిట్టినా బాగుండును, ఇల్లు ఖాళీ చెయ్యమన్నా బాగుండును, సుందరి ఆ చేతుల వంకే చూస్తోంది, తనకు నీళ్ళు పోసిన చేతులు.

"నా మొగుని పేరు మంచిగనే పలికినవ్," అంది కిష్టమ్మక్క, పిల్ల తల మీంచి చూపు తియ్యకుండా. "మొత్తం దవాఖాన ఇన్నది. ఇగ నీ మొగుని పేరు పలుకు. నేను ఇనాలె."

కాగితం లేదు, కలం లేదు, చాచిన అరచెయ్యి లేదు. వరండాలో ఆ చివరా ఈ చివరా మనుషులు. అమ్మ గొంతు ఎక్కడో ఆయుష్షు అంటోంది.

"రామబ్రహ్మం," అంది సుందరి.

"ఇనవడలే."

"రామబ్రహ్మం. మా ఆయన పేరు రామబ్రహ్మం."

కిష్టమ్మక్క పిల్లను ఇంకో రొమ్ముకి మార్చుకుంది. అదీ ఎండినదే.

"ఆఁ," అంది. "ఇగ మొదటిసంది చెప్పు."